ఎద్దుల సంత నుంచి పాత కార్ల యార్డు దాకా: లోపానికి బాధ్యత ఎవరిది?

కుందూ నది పరివాహకంలో, నంద్యాలకు దక్షిణాన ఉన్న గోస్పాడు పరిసరాల్లో సేద్యగాడికి భూమి తరువాత పెద్ద పెట్టుబడి చాలాకాలం ఎద్దుల జతే. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసిన కర్నూలు–కడప కాలువ కింది మాగాణి అయినా, నల్లరేగడి మెట్ట అయినా ఎద్దు బలం మీదే సాగేది. ఆ స్థానంలోకి తరువాత ట్రాక్టరు, కారు, సరుకుల ఆటో వచ్చాయి. వస్తువు మారినా, చేతులు మారిన తరువాత బయటపడే లోపానికి అమ్మినవాడు బాధ్యుడా, కొన్నవాడు బాధ్యుడా అన్న తగవు మాత్రం మారలేదు. ఈ తగవుకు ప్రాచీన స్మృతులు ఒక జవాబు, వలస కాలపు చట్టం మరో జవాబు చెప్పగా, వినియోగదారుల చట్టం చాలావరకు మొదటి జవాబు వైపే తిరిగి వచ్చింది.

పశువుల సంతలో పరీక్ష ఒక పద్ధతిగా జరిగేది. మూతి విప్పి పళ్లు చూసి రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, కడపళ్లు వేసిందా అని వయసు తేల్చేవారు, సుళ్లు చూసేవారు, నాలుగడుగులు నడిపించి గిట్టలనూ, కాడి మోపి మెడనూ గమనించేవారు. ధర మాత్రం బహిరంగంగా పలికేది కాదు. దళారి తుండుగుడ్డ కింద వేళ్లు పట్టి బేరం తెగ్గొట్టేవాడు కనుక, పక్కనున్నవారికి ధర గానీ, ఒప్పుకున్న షరతు గానీ తెలిసేది కాదు. కంటికి కనిపించే లోపాన్ని ఈ పరీక్ష పట్టగలిగినా, దుక్కిలో రెండో రోజున పడుకొనే ఎద్దునో, పొడిచే ఎద్దునో సంతలో పోల్చుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే. బర్రెను నీళ్లలో పెట్టి బేరమాడవద్దన్న సామెత పుట్టింది ఇలాంటి అనుభవం నుంచే.

సంతలో తేలని లోపానికి ధర్మశాస్త్రం గడువు రూపంలో పరిష్కారం చూపింది. కొన్న తరువాత సరుకును పరీక్షించుకొని, నచ్చకపోతే తిరిగి ఇచ్చే వ్యవహారాన్ని శాస్త్రకారులు ‘క్రీతానుశయం’ అన్నారు. కొన్నదాని గురించి కలిగే పశ్చాత్తాపమని దీని అర్థం. యాజ్ఞవల్క్య స్మృతి ఈ పరీక్షకు విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువు మోసే పశువులకు ఐదు రోజులు, రత్నాలకు ఏడు రోజులు, పాడి పశువులకు మూడు రోజులు గడువు పెట్టింది. లోపం బయటపడటానికి పట్టే కాలాన్ని బట్టి గడువు మారడం ఈ పట్టికలోని విశేషం. మంచి సరుకు చూపించి లోపమున్నది అంటగట్టిన వ్యాపారి రెట్టింపు ధర చెల్లించి, అంతే మొత్తం దండుగగా కట్టాలని నారద స్మృతి చెప్పింది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకొని కేతన 13వ శతాబ్దంలో ‘విజ్ఞానేశ్వరీయము’ రచించడంతో, వ్యవహార ధర్మం తెలుగు పద్యాల్లోకీ వచ్చింది.

ఆంగ్లేయుల పాలన ఇందుకు భిన్నమైన సూత్రాన్ని తెచ్చింది. కొనేవాడే జాగ్రత్తపడాలి, అడగనిదే అమ్మేవాడు లోపం చెప్పనక్కరలేదు అన్నది ఇంగ్లండు న్యాయంలో పాతుకుపోయిన నియమం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ దీన్ని ఒక గుర్రం ఉదాహరణతో వివరిస్తుంది. జబ్బు ఉందని తెలిసిన గుర్రాన్ని వేలంలో అమ్ముతూ యజమాని నోరు మెదపకపోతే అది మోసం కాదు; అయితే ‘నీవు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే భావిస్తాను’ అని కొనేవాడు అన్నప్పుడు యజమాని ఊరుకుంటే, ఆ మౌనమే మాటతో సమానం. అంటే గడువు స్థానంలోకి ప్రశ్న వచ్చింది. అడగడం చేతకానివాడికి రక్షణ కరవైంది.

ఈ కాఠిన్యాన్ని 1930 నాటి వస్తు విక్రయ చట్టం కొంత సడలించింది. కొనేవాడు తన అవసరం ముందుగా చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలని 16వ సెక్షన్ నిర్దేశించింది. ఆ రకం సరుకుల వ్యాపారి నుంచి వర్ణనను బట్టి కొన్నప్పుడు అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలనీ, అయితే కొనేవాడు స్వయంగా పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో తెలియవలసిన లోపాల గురించి తరువాత వాదించరాదనీ అదే సెక్షన్ చెప్పింది. ఇలాంటి షరతులను ఉభయులూ ఒప్పందంతో తొలగించుకోవడానికి 62వ సెక్షన్ వీలిచ్చింది. ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్ముతున్నామని కాగితం మీద రాయించుకొనే వాహన వ్యాపారుల అలవాటుకు బలం ఇక్కడి నుంచే వచ్చింది.

1983లో మారుతి 800 వచ్చాక మధ్యతరగతికి అందిన కారు, కొన్నేళ్లకు రెండో చేతికి, మూడో చేతికి మారడం మొదలైంది. చిన్న పట్టణాల్లో ఈ వ్యాపారం ‘ఆటో కన్సల్టెన్సీ’ బోర్డుల కింద పెరిగింది. కర్నూలు జిల్లా ఏపీ 21 నంబరు బండ్ల నుంచి 2019లో రాష్ట్రమంతటికీ వచ్చిన ఏపీ 39 వరుస దాకా యార్డులో నిలిపి అమ్మే ఈ వ్యాపారంలో, సంతలో పళ్లు చూసిన చేతులు ఇంజన్ ఆయిల్ మూత విప్పి పొగ వస్తున్నదేమో చూస్తాయి; తలుపు రబ్బరు పక్కకు లాగి వెల్డింగ్ గుర్తులు వెతుకుతాయి. మీటరు వెనక్కి తిప్పినా, నీట మునిగిన బండికి రంగు వేసినా కొనేవాడికి తెలిసేది తక్కువ. అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని లోపం మొత్తం బజారునే ఎలా చెడగొడుతుందో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్లనే ఉదాహరణగా తీసుకొని నిరూపించాడు. మంచి బండికీ చెడ్డ బండికీ తేడా తెలియనప్పుడు కొనేవాడు సగటు ధరే ఇస్తాడు, ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడు, చివరికి యార్డులో చెడ్డవే మిగులుతాయన్నది ఆయన వాదన.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ అసమానతను గుర్తించి, జిల్లా ఫోరం, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ అనే మూడంచెల వ్యవస్థను ఏర్పరిచింది. దాని స్థానంలో వచ్చి 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం, కొనుగోలుదారుడు తాను నివసించే చోటే ఫిర్యాదు చేసే వీలు కల్పించడంతో, హైదరాబాదులోనో బెంగళూరులోనో కారు కొన్న గోస్పాడు వాసి అక్కడి వరకు తిరగవలసిన పని తప్పింది. వివాదానికి కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు. తిరిగి అమ్మడానికో, పెద్ద వ్యాపారానికో కొన్నవారు వినియోగదారులు కారు గానీ, సొంత జీవనోపాధికి పాత సరుకుల ఆటో కొని స్వయంగా నడుపుకొనేవాడికి చట్టం ఆ హోదా ఇచ్చింది. పాతబడి సహజంగా అరిగిన భాగాన్ని లోపంగా చూపడం మాత్రం కుదరదు. ధరకూ, వయసుకూ, ఇచ్చిన మాటకూ తగని దోషమే ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

కాగితాల వైపు నుంచి కూడా చట్టం కదిలింది. యాజమాన్యం మార్చకుండా ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకొని బండిని చేతులు మార్చినప్పుడు, ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవాడే బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన మోటారు వాహన నిబంధనలు, పాత బండ్ల డీలరు రవాణా శాఖ అనుమతి పొందాలనీ, యజమాని బండిని డీలరుకు అప్పగించినట్టు శాఖకు తెలిపిన నాటి నుంచి ఆ డీలరే యజమానిగా భావించబడతాడనీ చెప్పాయి.

వీటన్నిటిలో సామాన్యుడికి ఎక్కువగా పనికివచ్చే అంశం 2019 చట్టంలోని అనుచిత వాణిజ్య పద్ధతుల నిర్వచనంలో ఉంది. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజులలోపు వెనక్కి తీసుకొని సొమ్ము ఇవ్వకపోవడమూ అనుచిత పద్ధతే. బరువు మోసే పశువుకు స్మృతికారుడు ఇచ్చిన ఐదు రోజుల గడువు, వలస చట్టం పక్కన పెట్టిన తరువాత, మరో రూపంలో ఇలా తిరిగి వచ్చింది. అయితే తుండుగుడ్డ కింద కుదిరిన బేరాన్ని ఏ కమిషన్ ఎదుటా నిరూపించడం సులభం కాదు. కనుక పాత కారు కొనేవారు మీటరు రీడింగును, ప్రమాద చరిత్రను, వాపసు గడువును బిల్లు మీదే రాయించుకొని, డీలరు సంతకం తీసుకున్న తరువాతే డబ్బు చేతికివ్వాలి.