కొరియా కారం వెనుక కథ

కొరియన్ కేఫ్‌లో మొదటిసారి అడుగుపెట్టిన కుటుంబాల్లో పిల్లలు ముందుగా అడిగేది టొక్‌బొక్కి. వేలెడంత పొడవున్న బియ్యప్పిండి ముక్కలు, చిక్కటి ఎర్రటి పులుసు, పైన ఉల్లికాడలు, పక్కన ఉడికించిన గుడ్డు. ఆ ఎరుపు చూసి పెద్దవాళ్లు గుంటూరు కారాన్ని ఊహించుకుంటారు. నోట్లో పెట్టుకోగానే ముందు తగిలేది మాత్రం తీపి. కారం ఆ తర్వాత నెమ్మదిగా ఎక్కుతుంది. ముక్క పళ్లకు సాగుతూ, కాసేపు నమిలితే గానీ గొంతు దిగదు.

ఆ రుచికి మూలం గొచుజాంగ్. మిరప్పొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా పొడి, మొలకెత్తించిన బార్లీ పిండి, ఉప్పు కలిపి మట్టి జాడీల్లో నెలల తరబడి మాగబెట్టే ముద్ద అది. బార్లీ మొలకలు బియ్యంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. అందుకే సంప్రదాయ గొచుజాంగ్‌లో కారంతో పాటే తీపీ పుడుతుంది. దీనితో సహా సోయా ముద్దలు, సాసులు తయారుచేసే కొరియా సంప్రదాయానికి 2024లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ గుర్తింపు ఇచ్చింది.

నిజానికి మిరప పుట్టిల్లు కొరియా కాదు, ఆంధ్రదేశమూ కాదు. అమెరికా ఖండం నుంచి బయల్దేరి, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో భారత తీరానికి చేరింది. కొరియాకు అది జపాన్ మీదుగా వచ్చిందని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. యీ సుగ్వాంగ్ అనే పండితుడు 1614లో కూర్చిన విజ్ఞాన గ్రంథంలో, జపాన్ నుంచి వచ్చిన ఘాటు పంటగా దాని ప్రస్తావన ఉంది. అంతకుముందు కొరియా ఊరగాయ కిమ్చిలో ఈ ఎరుపే లేదు. మిరప వేయకుండా ఊరబెట్టే తెల్ల కిమ్చి నేటికీ కొరియా ఇళ్లలో కనిపిస్తుంది. కారం తినలేని పిల్లలకు పెట్టేది అదే.

కిమ్చి అంటే కొరియన్లకు ఇంటిల్లిపాది పని. చలికాలం ముంగిట క్యాబేజీని ఉప్పులో ఊరవేసి కడిగి, మిరప్పొడి, వెల్లుల్లి, అల్లం, ఉప్పు రొయ్యలు కలిపిన ముద్దను ఒక్కో ఆకు మధ్యా పూస్తారు. వేసవిలో మన ఇళ్లలో ఆవకాయ పెట్టే రోజుల్లాగే అక్కడా ఇరుగుపొరుగు, చుట్టాలు కలిసి కూర్చుంటారు. ఈ ఆచారానికి దక్షిణ కొరియా పేరిట 2013లో, ఉత్తర కొరియా కిమ్చి తయారీకి 2015లో యునెస్కో జాబితాలో చోటు దక్కింది. దేశం రెండు ముక్కలైనా కిమ్చి ఉమ్మడి ఆస్తిగానే మిగిలింది.

రాచరికపు రోజుల్లో టొక్‌బొక్కి కూడా ఎర్రగా ఉండేది కాదు. సోయా సాస్, మాంసం, పుట్టగొడుగులతో వండేవారు. కొరియా యుద్ధం ఆగిన 1953లో, సియోల్‌లోని సిండాంగ్ డోంగ్ ప్రాంతంలో మా బోక్‌రిమ్ అనే మహిళ గొచుజాంగ్ వేసి అమ్మడం మొదలుపెట్టారని చెబుతారు. నల్ల సాస్ నూడుల్స్ గిన్నెలో పొరపాటున పడిన బియ్యప్పిండి ముక్కను తిని చూశాకే ఆమెకు ఆ ఆలోచన వచ్చిందని ప్రచారంలో ఉన్న కథ. ఆమె 2011లో కన్నుమూశారు. ఆ వీధికి జనం ఇప్పటికీ టొక్‌బొక్కి కోసమే వెళతారు.

యుద్ధం మిగిల్చింది ఆకలిని. బియ్యానికి కటకట. ఆ లోటు పూడ్చినవి అమెరికా సాయంగా వచ్చిన గోధుమలు. పీఎల్ 480 అనే ఆ పథకం కిందే ఆ రోజుల్లో మన దేశానికీ ఓడల్లో గోధుమలు దిగాయి. అన్నం తగ్గించి గోధుమపిండి తిండి తినమని 1960, 70 దశకాల్లో కొరియా ప్రభుత్వం గట్టిగా ప్రచారం చేసింది. వారంలో కొన్ని రోజులు హోటళ్లు అన్నం వడ్డించకూడదని నిబంధన పెట్టింది. బడిలో ఉపాధ్యాయులు పిల్లల క్యారేజీల మూత తీయించి, అన్నంలో బార్లీ వంటి ధాన్యాలు కలిపారో లేదో చూసేవారు. టొక్‌బొక్కి ముక్కలు సైతం గోధుమపిండితో తయారయ్యాయి.

కొరియా ఇన్‌స్టంట్ నూడుల్స్ అయిన రామ్యన్ పుట్టుకా అప్పటిదే. సియోల్‌లోని నామ్‌దేమున్ బజారులో, పారేసిన తిండితో కాచిన జావ కోసం జనం బారులు తీరడం చోన్ జుంగ్‌యున్ అనే వ్యాపారిని కలచివేసింది. ఆయన జపాన్ వెళ్లి మ్యోజో సంస్థ నుంచి యంత్రాలు, తయారీ పద్ధతి తెచ్చుకున్నారు. 1963 సెప్టెంబర్ 15న కొరియా తొలి ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్‌ను సమ్యాంగ్ పేరుతో 10 వన్‌లకు విడుదల చేశారు.

బడుల పక్కన వెలసిన చిన్న దుకాణాలు టొక్‌బొక్కినీ, రామ్యన్‌నూ, అన్నాన్ని సముద్రపు నాచులో చుట్టే కింబాప్ చుట్టలనూ ఒకేచోట చేర్చాయి. సాయంత్రం బడి వదలగానే పిల్లలు చేతిలో ఉన్న చిల్లరతో కడుపు నింపుకున్నది అక్కడే. నేడు మన నగరాల్లోని కొరియన్ కేఫ్‌ల మెనూలో సగం ఆ దుకాణాల నుంచి వచ్చిందే.

తెలుగునాట కొరియా వంట ఆ దేశపు టీవీ డ్రామాలతోనే రాలేదు, కార్లతోనూ వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని కోసం వచ్చిన కొరియన్ల వెంట వాళ్ల హోటళ్లూ రాయలసీమ పట్టణాలకు చేరాయి.

పిల్లలతో తొలిసారి వెళ్లేవారు కింబాప్‌తో మొదలుపెట్టడం మంచిది, కారం ఉండదు. టొక్‌బొక్కి ఒక్క పళ్లెం తెప్పించి అందరూ పంచుకోవచ్చు. శాకాహారులు మాత్రం ముందే అడిగి తీరాలి. టొక్‌బొక్కి పులుసును ఎండు చేపలు మరిగించిన నీటితో చేస్తారు, కిమ్చిలో రొయ్యలో చేపల సాసో పడుతుంది. కూరగాయలు కలిపిన అన్నం బిబింబాప్‌ను గుడ్డు, మాంసం లేకుండా చేయించుకోవచ్చు. అన్నానికి చెంచా వాడండి, చాప్‌స్టిక్స్ రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. పెద్దలు చెంచా ఎత్తాకే చిన్నవాళ్లు తినడం అక్కడి పద్ధతి. ఆ ఒక్కటీ ముందుగా పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి.