సాగర్ నీళ్ళు 1967లో, ఆడపిల్ల వాటా 1985లో

నాగార్జున సాగర్ కాలువలకి నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట చేలు మాగాణి అయ్యాయి, ఎకరం విలువే మారిపోయింది. మరి ఆ ఎకరంలో ఆడపిల్లకి సమాన వాటా ఎప్పుడొచ్చింది? ఇంకో పద్దెనిమిదేళ్ళకి!

అంతకుముందు అసలేమీ లేదని కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కూతురికీ వాటా ఇచ్చింది. మెలికంతా పిత్రార్జితం దగ్గరే. అందులో కొడుక్కి పుట్టుకతోనే హక్కు, కూతురికి లేదు. లెక్క చూడండి. ఆరెకరాల పిత్రార్జితం, తల్లి లేదు, ఒక కొడుకు, ఒక కూతురు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ముందు తండ్రికి మూడు, కొడుక్కి మూడు అని విడదీయాలి. తండ్రి మూడెకరాలే పిల్లలిద్దరికీ సగం సగం. మొత్తమ్మీద కొడుక్కి నాలుగున్నర, కూతురికి ఒకటిన్నర!

ఎన్టీఆర్ హయాంలో వచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలై దీన్ని చెరి మూడెకరాలు చేసింది. కూతురికీ పుట్టుకతో హక్కు ఇవ్వడంలో తమిళనాడు (1989), కర్ణాటక, మహారాష్ట్ర (1994) మన తర్వాతే. కేంద్రం 2005 సెప్టెంబర్ 9 దాకా ఆగింది.

కానీ మన చట్టంలో ఒక కటాఫ్ డేట్ ఉంది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించదు. అంటే ఒకే ఇంట్లో 1984లో పెళ్ళయిన అక్కకి పాత వెర్షన్, 1986లో పెళ్ళయిన చెల్లెలికి కొత్త వెర్షన్! ఈ బగ్‌ని కేంద్ర సవరణ తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికుండాలా అన్న గొడవని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అక్కర్లేదంది.

ఇక మిగిలింది ఇంట్లో అడగడం. సూర్యాపేట ప్రాంతానికి భూమి కోసం అడగడం కొత్తేం కాదు. దొరల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం పేదల భూమి కోసం 1940ల్లో తుపాకీ పట్టిన నేల అది. కానీ నాకనిపిస్తుంది, దొరని అడగడం కంటే అన్నని అడగడమే కష్టమేమో అని. అడిగితే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే: "కట్నం ఇచ్చాం కదా!" 1961 నుంచీ కట్నం నేరం. పైగా అది వెళ్ళింది అత్తవారింటికి. ఆ నేరాన్ని చూపించి ఆమె హక్కుని చెల్లు వేస్తున్నామన్నమాట.

పంపకాలకి ఊరెళ్ళే అన్నదమ్ములకి ఒక్క మాట. రిలీజ్ డీడ్ మీద సంతకం అడిగేముందు అందులో ఏముందో ఆమెకి చదివి వినిపించండి. అక్కచెల్లెళ్ళకీ ఒక మాట. చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కేయడానికి ఇది సాఫ్ట్‌వేర్ కాదు, అన్‌ఇన్‌స్టాల్ చేయడం చాలా కష్టం.