మద్రాసు కడలితీరమున ఎఱ్ఱజెండా

మద్రాసు హైకోర్టున కెదురుగా నున్న సముద్రతీరమునను, ట్రిప్లికేను తీరమునను 1923వ సంవత్సరము మే 1వ తేదీన రెండు సభలు జరిగెను. భారతదేశమున మేడే పేరిట జరిగిన తొలి సభ లివియే. మే 1ని సెలవుదినముగా ప్రకటింపవలెనని తీర్మానించి, శ్రమజీవులకును కర్షకులకును ‘లేబర్ కిసాన్ పార్టీ ఆఫ్ హిందూస్తాన్’ అను పక్షమును అచ్చటనే స్థాపించిరి. జెండాకు ఎఱ్ఱగుడ్డ దొరకకపోగా, సభల నేర్పఱచిన మలయపురం సింగారవేలు చెట్టియారుగారు తమ కుమార్తె ఎఱ్ఱచీరను చింపించి కట్టించిరని చెప్పుకొందురు. అది కట్టుకథయే యైనను ఆయన తత్త్వమున కెంతయు తగియున్నది.

1860లో మత్స్యకారుల కుటుంబమున జన్మించిన సింగారవేలు న్యాయవాదియై, బౌద్ధధర్మమున అభిమానము గలవారై, ఇంటినిండ పుస్తకములు పేర్చుకొని చదివిన బహుగ్రంథద్రష్ట. సహాయనిరాకరణోద్యమకాలమున తమ నల్లగౌనును తగులబెట్టి, వకీలుగా కోర్టు గడప మరల త్రొక్కలేదు. నాటి మద్రాసు తెలుగుజిల్లాలకును రాజధానియే కాన, ఆ వీథులలోని కలకలము మనవారికిని పొరుగుముచ్చట కాదు.

పెరంబూరు ప్రాంతమున బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికులకై 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడెను. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అను ఇద్దఱు వర్తకులు చొరవచేసి, కార్మికనాయకులైన బి.పి. వాడియాగారిని పిలుచుకొని వచ్చుటచేత కలిగిన సంఘ మది. 1921 నాటి సమ్మెలో ఆదిద్రావిడులు పనికి మరలుటయు, తక్కినవారు వెలుపల నిలుచుటయు సంభవింపగా, పులియంతోపు గుడిసెలు కులకలహమున కాలిపోయెను. యజమాని ఎదుట ఒక్కటిగా నిలువవలసినవారు కులముచే రెండుగా చీలుట కన్నులార చూచినవాడు, కూలిరేట్లను గూర్చి మాత్రమే వ్రాసి ఊరకుండలేడు. సింగారవేలు వ్రాతలలో యంత్రశాల ప్రక్కనే శాస్త్రమును, మూఢాచారఖండనమును కనబడుటకు మూల మిచ్చటనే యున్నదని నాకు తోచును.

1922 డిసెంబరున గయ కాంగ్రెసులో తాము కమ్యూనిస్టులమని బాహాటముగా చాటి వచ్చిన పిదప ఆయన రెండు పత్రికలు నడపిరి: ఇంగ్లీషున ‘లేబర్ కిసాన్ గెజెట్’ పక్షపత్రిక, తమిళమున ‘తొళిలాళన్’ వారపత్రిక. మొదటిది చదువుకొన్నవారితో వాదించుటకు, రెండవది పనివానితో ముచ్చటించుటకు. పత్రికాధిపతికి రెండు గొంతు లుండుట కపటమని కొంద ఱందురు గాని, శ్రోతను బట్టి భాష మార్చుకొననివాని సిద్ధాంతము పుస్తకముననే మిగిలిపోవును.

కమ్యూనిస్టులపై ప్రభుత్వము మోపిన 1924 నాటి కాన్పూరు కుట్రకేసులో ఆయన పేరు చేర్చిరి. జబ్బుపడి యుండుటచే విచారణ తప్పెను. మరుసటి సంవత్సరము డిసెంబరున అదే కాన్పూరులో జరిగిన తొలి కమ్యూనిస్టు మహాసభకు అధ్యక్షుడాయనయే. 1928లో దక్షిణ భారత రైల్వేవారు వర్క్‌షాపులను తిరుచినాపల్లి చెంత గోల్డెన్ రాక్‌నకు తరలించుచు పనివారిని తగ్గింపబూనగా సమ్మె పుట్టెను. పెట్టెలు కట్టుకొని క్రొత్తచోటికి పోవలెనో, ఉద్యోగము వదలుకొనవలెనో తేల్చుకొమ్మన్న తరుణమున ఆయన వారి పక్షమున నిలిచి పదియేండ్ల శిక్ష పొందిరి. అప్పీలులో నది 18 నెలలకు తగ్గెను.

చెఱ వీడి వచ్చిన పిదప, ఆత్మగౌరవోద్యమ నాయకుడగు పెరియార్ నడపిన ‘కుడి అరసు’ పత్రికలో సింగారవేలు వ్రాసిన వ్యాసములే ఆయన రచనలలో శ్రేష్ఠములని నా అభిప్రాయము. జీవపరిణామము, ఖగోళము, దేవతారాధన, ధనవిభజన: ఏది ఎత్తుకొన్నను, తెలియనివానిని చిన్నబుచ్చక చేయిపట్టి నడిపించు పద్ధతి వానిది. పాండిత్యము పొంగినప్పుడు వాక్యము బరువెక్కుట మాత్రము కలదు. పెరియార్ జస్టిస్ పార్టీ వైపు మొగ్గగా సింగారవేలు సమ్మతింపలేదు. స్నేహమునకై మాట మ్రింగుకొనక 1935లో ‘పుదు ఉలగం’ అను మాసపత్రికను వేఱుగా ఆరంభించి, అందు తమ వాదమును తాము వ్రాసుకొనిరి.