చెరసాల గుమ్మము వద్ద: విడుదలైనవారి మధ్య పరిచర్య చరిత్రలో ఒక ఘట్టము

చెరసాల పరిచర్య అనగానే మనకు లోపల జరిగే కూడికలు, కరపత్రముల పంపిణీ జ్ఞాపకము వస్తాయి. విడుదల దినము సాధారణముగా మన లెక్కలోనికి రాదు. 1883లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరములో ఆ దినమునే లెక్కలోనికి తీసుకున్నవాడు ఒక వైద్యుడు. జైళ్లను దర్శిస్తూ వచ్చిన డాక్టర్ జాన్ సింగిల్టన్, విడుదలైనవారికి నిలువ నీడ లేదని చూచి, సాల్వేషన్ ఆర్మీ అధికారి జేమ్స్ బార్కర్‌ను కదిలించాడు. ఆ డిసెంబరులో కార్ల్‌టన్‌లోని లైగన్ వీధిలో ఒక గృహము తెరవబడింది. పనివారు జైలు గుమ్మము వద్ద నిలిచి, బయటకు వచ్చినవారిని అక్కడికి తోడుకొని వెళ్లేవారు. పడక, భోజనము, పని, ప్రార్థన: వారి వద్ద ఉన్నది ఇంతే.

ఇదే సంస్థ పేరు తెలుగువారికి స్టువర్టుపురము ద్వారా తెలుసు. అయితే అక్కడ నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకలవారిని పుట్టుకనుబట్టియే అనుమానించి హాజరు వేయించారు. తోడుండుటకు, కాపలా కాయుటకు మధ్య ఉన్న దూరము సంఘ చరిత్రకారులు మరువరానిది.

మెల్‌బోర్న్ పనివారు త్రాగుడును ముఖ్యముగా పాపముగానే చూచారు. వ్యసనమునకు చేయదగిన వైద్యము ఆనాడు అంతగా లేదు కూడా. అయినా ఎప్పుడు, ఎక్కడ నిలువవలెనో వారు సరిగ్గా పట్టుకున్నారు. దీనికి సాక్ష్యము చాలా కాలము తరువాత వైద్యశాస్త్రము నుండి వచ్చింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ల నుండి 1999-2003 మధ్య విడుదలైన 30,237 మందిని పరిశీలించిన ఒక అధ్యయనము 2007లో ప్రచురితమైంది. మొదటి రెండు వారములలో వారికి మరణ ప్రమాదము ఇతరులకంటే 12.7 రెట్లు, మత్తుమందు మోతాదు మించి మరణించే ప్రమాదమైతే 129 రెట్లు! నెలల తరబడి మత్తుకు దూరమైన శరీరము పాత మోతాదును తట్టుకోలేదు. తిరిగి త్రాగినవానిని, తిరిగి మత్తు పుచ్చుకున్నవానిని "మారుమనస్సు నిజము కాదు" అని త్రోసివేసే కాపరి ఈ సంగతి ఎరిగి ఉండాలి. ఆ మాట పడినవాడు రెండవసారి ఎవరికీ చెప్పుకోడు, ఒంటరిగా పుచ్చుకుంటాడు. మానసిక వ్యాధికి జైలులో మందులు వాడుతున్నవాడు చేతిలో చీటీ లేకుండా బయటకు వస్తే, అతని వైద్యము కూడా గుమ్మము వద్దనే ఆగిపోతుంది.

మన దేశములో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 103వ సెక్షను, ప్రతి రాష్ట్రములో కనీసము ఒక జైలు వైద్య విభాగములో మానసిక వైద్యశాల ఉండాలని చెబుతుంది. ఆ సెక్షను మాట్లాడేది ఖైదీలను గూర్చి. విడుదల తరువాతి రెండు వారములను గూర్చి అందులో మాట లేదు.