గాలి, గోడ, గోలీ

మతి తప్పిన మనిషిని ఎటు పంపాలన్నది ఒకప్పుడు మా దగ్గర గోదావరి తేల్చేది. 1860లో నిజాం ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషు వాళ్ళకు అప్పగించాడు. కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సుల కింద ఉండి, 1874లో భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. ఇవతలిగట్టున పాల్వంచ, దానికి దిగువన మా చండ్రుగొండ అడవులు నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. రెండు గట్ల మీదా ఉన్నది అదే కోయ జనం, అవే ఇప్పచెట్లు, అదే చలిజ్వరం. మనిషికి మతి చెడితే మాత్రం ఇద్దరు దొరలు, రెండు దారులు.

అవతలిగట్టున 1858 నాటి చట్టం నడిచేది. దిక్కూమొక్కూ లేకుండా తిరిగే పిచ్చివాణ్ణి పోలీసులు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. డాక్టరు చూసి కాగితం రాయాలి. ఆ కాగితం పట్టుకుని వాల్తేరు పంపాలి. 1870ల నాటికే వాల్తేరులో పిచ్చాసుపత్రి ఉంది. భద్రాచలం నుంచి పడవలో రాజమండ్రి, 1893లో రైలు పడ్డాక అక్కణ్ణుంచి రైలు. జబ్బు మనిషి ఇల్లు దాటింది మొదలు పోలీసు చేతిలోనే ఉండేవాడు. వైద్యానికి పోతున్నాడో శిక్షకు పోతున్నాడో చూసేవాళ్ళకు తెలిసేది కాదు.

ఇవతలిగట్టున ఇంకో తీరు. నిజాం రాజ్యంలో పిచ్చివాళ్ళ సంగతి మొదట జైళ్ళతో ముడిపడి ఉండేది. ఆ తర్వాత ఆసుపత్రి పెట్టింది జాల్నాలో, మరాఠీ నేల మీద. ఇక్కడి మనిషి ఇల్లందు దాకా ఎడ్లబండి మీద పోయి, సికింద్రాబాదు రైలెక్కి, అక్కణ్ణుంచి మన్మాడ్ లైను మీద పోవాలి. ఆసుపత్రిలో ఉర్దూ, మరాఠీ. పోయినవాడికి కోయ మాట, కాస్త తెలుగు. పేరేమిటని అడిగినా అర్థంకాని చోట అతని మనసులో ఏముందో ఎవరు తెలుసుకున్నారో నాకు ఊహకు అందదు. 1953లో ఆ ఆసుపత్రిని హైదరాబాదు ఎర్రగడ్డకు తెచ్చారు. మాకు అదీ 250 కిలోమీటర్ల పైమాటే.

అయితే వాల్తేరు, జాల్నా, ఎర్రగడ్డ చూసినవాళ్ళు మా ప్రాంతంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 1946లో ఆరోగ్య వసతుల మీద భోర్ కమిటీ లెక్క తీస్తే దేశం మొత్తానికి పిచ్చాసుపత్రుల్లో ఉన్న మంచాలు 10 వేలకు కాస్త పైన. మిగతా వాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు, ఊళ్ళోనే పోయారు. పిచ్చి చరిత్ర రాసేవాళ్ళు గోడల లోపలి సంగతి రాస్తారు, ఎందుకంటే రిజిస్టర్లు అక్కడ ఉన్నాయి. మా గుంపుల్లో, అంటే అడవిలోని కోయ పల్లెల్లో, జరిగింది ఏ రిజిస్టరులోనూ లేదు. అందుకే నాకు తెలిసినంత మట్టుకు ఇక్కడ చెబుతున్నాను.

నేను మలేరియా విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చండ్రుగొండ, జూలూరుపాడు, అన్నపురెడ్డిపల్లి వైపు అడవి గుంపులన్నీ సైకిలు మీదా కాలినడకనా తిరిగాను. భుజాన సంచీ, సంచీలో గాజు పలకలు, సూదులు, దూది, క్లోరోక్విన్ గోలీలు. జ్వరం వచ్చినవాళ్ళ వేలు గుచ్చి రక్తపు చుక్క పలక మీద పూయాలి, గోలీలు మింగించాలి. మందు చల్లేవాళ్ళతో పోతే వంటిల్లు, పశువుల కొట్టం, వెనక సాయమాను అన్నీ చూడాల్సిందే. అలా చూసినవాడికి ఊళ్ళో వాళ్ళు చుట్టాలకు కూడా చూపించనివి కనబడతాయి.

గుంపులో మనిషి తేడాగా మాట్లాడితే ముందు వచ్చేవాడు వెజ్జు. చేటలో బియ్యం పోసి, దీపం పెట్టి, గింజలు చూసి ఏ గాలి సోకిందో చెబుతాడు. ఏ వేల్పుకు మొక్కు బాకీ పడ్డారో చెబుతాడు. నల్లకోడి, గుడ్డు, పసుపుకుంకాలు, వేపమండలు. రాత్రంతా డోలు. బాలింతకు మతి చెదిరితే గాలి, కాకిసోమాల (మూర్ఛ) వస్తే గాలి, పెళ్ళి కుదరక కుమిలిపోయినా గాలే. ఇదంతా మూఢనమ్మకమని ఒక్కమాటతో కొట్టేసేవాళ్ళను చూశాను. వాళ్ళు ఆ రాత్రి అక్కడ కూర్చోలేదు. ఆ మనిషి కోసం గుంపు గుంపంతా మేలుకునేది. పేరు పెట్టి పిలిచేది, తినిపించేది, తెల్లవారేదాకా ఒంటరిగా వదిలేది కాదు. దుఃఖంతో చిక్కిపోయినవాళ్ళు ఆ తర్వాత కోలుకోవడం నేను కళ్ళారా చూశాను. నిజమైన పెద్ద జబ్బు మాత్రం కోడికీ డోలుకూ లొంగేది కాదు.

ఇక్కడ మా మలేరియా సంగతి ఒకటి చెప్పాలి. ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కితే మనిషి లేని మనుషులతో మాట్లాడతాడు, తిడతాడు, మంచం మీద నుంచి లేచి పరుగెత్తుతాడు. చూస్తే అచ్చం దయ్యం పట్టినట్టే ఉంటుంది. వెజ్జు వచ్చి డోలు మొదలెట్టే లోపు నేను వేలు గుచ్చగలిగితే బతికేవాడు. లేకపోతే మూడో రోజుకు పాడె. మా వైపు ఒక ముసలి వెజ్జు దీనికి తనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నుదుటి మీద చేయి వేసి, “ఒళ్ళు కాలుతూ మాట్లాడితే నీ దగ్గరికి సారూ, ఒళ్ళు చల్లగుండి మాట్లాడితే నా దగ్గరికి” అనేవాడు. ఏ ట్రైనింగులోనూ నాకు ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ పెద్దాయన పంపిన వాళ్ళలో చాలామంది బతికారు.

మలేరియాకూ పిచ్చికీ ఇంకో చుట్టరికం ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1917లో వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ అనే డాక్టరు, సుఖవ్యాధి మెదడుకెక్కి మతిపోయిన వాళ్ళకు కావాలనే మలేరియా రక్తం ఎక్కించాడు. ఆ జ్వరపు వేడికి జబ్బు తగ్గాలి, ఆపైన క్వినైన్ ఇచ్చి జ్వరం తగ్గించాలి. కొందరు బాగుపడ్డారు, కొందరు ఆ జ్వరంతోనే పోయారు. 1927లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. పెన్సిలిన్ వచ్చాక ఆ వైద్యం ఆగిపోయింది. జ్వరాన్ని తరమడానికే ఉద్యోగం చేసిన నాకు అది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. పిచ్చికి మందు దొరక్క పెద్ద పెద్ద డాక్టర్లు సైతం ఎంత దూరం పోయారో అప్పుడు తెలిసింది. మా వెజ్జు కోసిన నల్లకోడిని చూసి నవ్వే హక్కు ఎవరికుంది?

గాలి అనుకున్నంతసేపు ఫరవాలేదు. చేసినవాళ్ళు ఎవరని వెతకడం మొదలైతేనే ప్రాణాల మీదికి వస్తుంది. దుమ్ముగూడెంలో ఉన్న క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ 1870లలోనే కోయల గురించి రాస్తూ, చావుకు ఎవరి మంత్రమో కారణమని అనుమానించడం గురించి చెప్పాడు. మేం దాన్ని చిల్లంగి అంటాం. మెదక్ వైపు బాణామతి. 1980లలో అక్కడ బాణామతి భయం పాకినప్పుడు డాక్టర్లూ హేతువాదులూ ఊళ్ళు తిరిగి, ఇది మనసుకు సంబంధించిన బాధ అని చెప్పాల్సి వచ్చింది. వేలు ఎప్పుడూ దిక్కులేని ముసలమ్మ మీదికో, పక్క గుంపు వెజ్జు మీదికో పోతుంది. ఒకరి జబ్బుకు ఇంకొకరు దెబ్బలు తింటారు, ఒక్కోసారి చచ్చిపోతారు. ఊరు ఆదుకుంటుందని పైన చెప్పాను. ఇదీ ఆ ఊరే చేస్తుంది. రెండోది దాచి మొదటిది చెబితే అబద్ధమవుతుంది.

ఇక గొలుసు. ఒక గుంపులో మందు చల్లేటప్పుడు వెనక సాయమానులో పాతికేళ్ళ కుర్రవాణ్ణి చూశాను. కుడికాలికి ఎద్దు పలుపుకు వాడే గొలుసు, దానికి చిన్న తాళం, రెండో కొస గుంజకు. గొలుసు తగిలేచోట వాళ్ళమ్మ పాత చీర చింపి మెత్తగా చుట్టింది. ఆ గుడ్డను రెండు రోజులకోసారి విప్పి, ఉతికి, మడమకు ఇప్పనూనె రాసి మళ్ళీ చుట్టేది. “అడివిలోకి ఉరుకుతడు సారూ. వాగులో పడితే నాకెవరు చెప్తరు? నేను కూలికి పోవాలె గదా” అంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అతను తునికాకు కట్టలు కట్టేవాడు. ఎవరితోనూ మాట్లాడడు, పిలిస్తే పలకడు, కానీ కట్టకు ఆకులు ఖచ్చితంగా 50 ఉండేవి.

కాస్త చేతిలో డబ్బులున్నవాళ్ళు యాదగిరిగుట్ట పోయి ప్రదక్షిణలు చేసేవాళ్ళు, కొండగట్టు అంజన్న దగ్గర 40 రోజులు ఉండేవాళ్ళు, నెల్లూరు వైపు కసుమూరు దర్గాకు పోయేవాళ్ళు. దేవుడి దగ్గర తలదాచుకోవడంలో తప్పేమీ లేదు. భక్తి మీద వ్యాపారం పెట్టి మనుషుల్ని కట్టేసేవాళ్ళతోనే తంటా. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో అలాంటి ఒక షెడ్డుకు మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు 28 మంది కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మనిషిని గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. మంచి చట్టమే. గొలుసు తీసిన మర్నాడు ఆ తల్లి కూలికి ఎలా పోవాలో మాత్రం చట్టం చెప్పలేదు.

ఆమె కొడుక్కి కావలసిన మందు పుట్టుక వింటే ఆశ్చర్యమేస్తుంది. సర్పగంధ వేరును పిచ్చికి ఇవ్వడం మన దేశవైద్యంలో పాత సంగతి. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే కలకత్తా వైద్యులు దాన్ని రక్తపోటుకూ ఉన్మాదానికీ వాడి చూసి రాశారు. 1952లో స్విట్జర్లాండు కంపెనీ సిబా ఆ వేరులోంచి రిసర్పిన్ అనే సారం తీసింది. రెండేళ్ళకే అమెరికా పిచ్చాసుపత్రుల్లో దాన్ని ఇచ్చారు. అదే 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైంది. రిసర్పిన్ పక్కకు తప్పుకుంది, రెండోది నిలిచింది. అరుపులతో నిండిన వార్డులు మొదటిసారి నెమ్మదించాయి. అడవి వేరు ప్రపంచం చుట్టి వచ్చింది కానీ, గోలీగా మారి అడవి గుంపుకు చేరడానికి తరం పట్టింది.

ఇదే 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఒక పని చేశాడు. మంచాలు చాలక, ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్ళనూ అక్కడే ఉండమన్నాడు. వండిపెట్టుకుంటూ, జబ్బు గురించి వింటూ, కొన్ని వారాల్లో మనిషిని వెంటబెట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు. నాకు ఈ చరిత్ర మొత్తంలో అందరికన్నా దగ్గరి మనిషి ఆయనే. గోడ కట్టినప్పుడు ఇంటివాళ్ళను బయట నిలబెట్టారు. ఆయన లోపలికి పిలిచాడు. రాత్రంతా మేలుకునే మా గుంపు, సీసాలోని గోలీ ఒకేచోట ఉండటమంటే అదే.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు 1985 నుంచి బళ్ళారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ మాలాంటి కింది సిబ్బందికీ నేర్పి, కొద్దిపాటి మందులతో పల్లెల్లోనే వైద్యం నడిపి చూపించారు. దాన్ని చూసే 1996లో దేశంలో మొదట నాలుగు జిల్లాలు ఎంచుకుంటే, తెలుగు నేల మీద మెదక్ వచ్చింది. మా అడవి మూలకు అది రావడానికి చాలా కాలం పట్టింది. నెలనెలా గోలీల కోసం కొత్తగూడెమో ఖమ్మమో పోవాలంటే జబ్బు మనిషి కూలీ, తోడు వచ్చినవాళ్ళ కూలీ, బస్సు ఖర్చు. మూడో నెలకు మానేసేవాళ్ళు. మలేరియా గోలీ ఇంటి గడప దగ్గర మింగిస్తాం గదా, ఇది ఎందుకు మింగించకూడదని నేను మీటింగుల్లో అడుగుతూనే ఉండేవాణ్ణి. ఇప్పుడూ అడుగుతాను.

గొలుసు కుర్రవాడికి చివరికి నెలకోసారి వేసే ఫ్లూఫెనజైన్ సూది దొరికింది. మొదటి సూదికి వాళ్ళమ్మతోపాటు ముసలి వెజ్జు కూడా బస్సులో వచ్చాడు. కొన్ని నెలలకు తాళం తీశారు. పూర్తిగా బాగయ్యాడని చెప్పను. చేతులు వణికేవి, నిద్ర ఎక్కువ, పెళ్ళి కాలేదు. రెండో ఏడు తునికాకు సీజనులో కల్లం దగ్గర అతని కట్టలు కొన్నిటిని ఆకు తక్కువుందని కట్టలు కొనే కల్లేదారు పక్కన పడేశాడు. కుర్రవాడు వాటిని ఏరి తెచ్చి, అందరి ముందూ ఒక్కో ఆకూ పైకి లెక్కపెట్టాడు. 50 వచ్చింది. ఇంకో కట్ట విప్పబోతుంటే కల్లేదారు వద్దులెమ్మని అన్నిటికీ డబ్బు కట్టిచ్చాడు.