సింగరేణి బొగ్గుగనులు: గతము, భవితవ్యము

1871లో భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములను గుర్తించుటతో గోదావరీ లోయ పారిశ్రామిక చరిత్ర ఆరంభమైనది. 1886లో ఇంగ్లండున స్థాపితమైన హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులను పొంది, 1889లో ఇల్లెందున పని మొదలిడెను; 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. దేశమందలి బొగ్గుగనులలో అధిక భాగము 1970 దశాబ్దమున జాతీయము కాకపూర్వమే, 1945లో నిజాము ప్రభుత్వము అధికసంఖ్యాక వాటాలను కొనుటచే, ఈ సంస్థ ప్రభుత్వాధీనమైనది. నేడు ఇందు తెలంగాణకు 51, కేంద్రమునకు 49 శాతము వాటా కలదు.

ఇల్లెందు, బెల్లంపల్లి, కొత్తగూడెముల పిమ్మట గోదావరిఖనియందు బొగ్గుబాయిలు వెలసినంతనే, వానమీద ఆధారపడిన పల్లెలనుండి జనులు బతుకుదెరువునకై అచటికి తరలిరి. కొయ్యదిమ్మెల ఊతపై నిలిచిన పైకప్పు క్రింద, టోపీకి బిగించిన దీపపు వెలుగున, పేల్చిన బొగ్గును తట్టాచెమ్మసుతో టబ్బులకెత్తిన ఫిల్లరు శ్రమయే ఈ సంస్థకు పునాది. ఆ బొగ్గుతోనే 1983 నుండి రామగుండమున జాతీయ తాపవిద్యుత్ కేంద్రము నడచుచున్నది; సిరిసిల్ల మరమగ్గమునకును, పల్లె పొలములలోని మోటారునకును బొగ్గుబాయితో గల బంధుత్వము ఇట్టి విద్యుత్తు వలననే కలిగినది.

1975లో రామగుండమున, నేలను పైనుండి తవ్వు ఓపెన్‌కాస్టు విధానము ప్రవేశించిన నాటినుండి ఉత్పత్తి పెరుగుచు, 2023-24 నాటికి 7 కోట్ల టన్నులకు చేరెను. ఒకప్పుడు లక్షకు మించియున్న కార్మికసంఖ్య మాత్రము సుమారు నలుబదివేలకు తగ్గెను. యంత్రము దేహశ్రమను తగ్గించిన మాట నిజము. అయినను ఓపెన్‌కాస్టు విస్తరణ వలన ఊళ్లు లేచిపోయినవి, పొలములు మట్టిదిబ్బల పాలైనవి. భూగర్భ గనులును నిరపాయములు కావు; 2003 జూన్‌లో గోదావరిఖని గనిలోనికి నీరు చొచ్చి 17 మంది మరణించిన దుర్ఘటన భూగర్భపు అపాయమును లోకమునకు చాటెను.

బొగ్గు తరుగునే కాని పెరుగదు. సింగరేణి స్వంత జైపూరు విద్యుత్కేంద్రము, సౌరవిద్యుత్తు, ఒడిశాయందలి నైనీ గని సంస్థ ఆయువును పొడిగింపగలవు. కాని గని మూతపడిన ఊరికి అవి జీవనోపాధి కాజాలవు. కావున ప్రతి గని లాభమునుండి కొంత భాగమును, గని నడచుచుండగనే, ఆ ఊరి నేల బాగుకును, నీటివసతికిని, యువజనుల వృత్తివిద్యకును శాసనబద్ధముగ కేటాయింపవలెను. ప్రజల ధనముతో నిలిచిన పరిశ్రమకు ఇది ఔదార్యము కాదు, ఋణవిమోచనము.