గుడా, బడా?

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకమారు నా విద్యార్థులను నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లుకు తీసుకొని వెళ్ళాను. అక్కడి పచ్చల సోమేశ్వరాలయాన్ని ఆనుకొనే పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. వాకిట్లో ఒక పిల్లవాడు ఆగి, "సార్, చెప్పులు ఇడవాల్నా? ఇది గుడా, మ్యూజియమా?" అని అడిగాడు. "రెండూనురా" అన్నాను. ఆ జవాబు వానికి చాలింది కాని నాకు చాలలేదు.

కందూరు చోడులు కల్యాణి చాళుక్యుల సామంతులుగా 11, 12 శతాబ్దాలలో పానగల్లును ఏలారు. ఆ కాలపు ఆలయం పూజకు మాత్రమే పరిమితం కాదు. పచ్చల సోమేశ్వరాలయపు రాళ్ళ మీద రామాయణ భారత ఘట్టాలున్నవి; చదువురానివానికి అదే గ్రంథం. దానధర్మాలను శాసనాలుగా చెక్కించేవారు గనుక గుడియే ఊరి దస్తావేజుల కొట్టు. గర్భగృహం దేవునిది, మండపం జనులది అని మన పెద్దల లెక్క.

క్రైస్తవుల లెక్కా ఇంచుమించు ఇదే. మధ్యయుగపు ఇంగ్లండులో చర్చి బలిపీఠపు భాగాన్ని బాగుచేయించే బాధ్యత మతాధికారిది, జనులు నిలిచే పెద్దసాల బాధ్యత ఊరివారిది. కనుకనే ఆ సాలలో సభలూ విందులూ జరిగేవి. తర్వాతి కాలంలో ఆ వాడుక సన్నగిల్లింది. మళ్ళీ 2014లో లండనులోని వెస్ట్ హాంప్‌స్టెడ్‌లో సెయింట్ జేమ్స్ చర్చి లోపల తపాలా కార్యాలయాన్ని తెరిచారు. ఆరాధనా ఆగలేదు.

అయితే "మండపం జనులది" అన్నానే, ఏ జనులది? ఇక్కడ నా పాండిత్యం తల వంచుకోవలసి వచ్చింది. ఆ మెట్లు ఎక్కనీయని కులాలు ప్రతి ఊరిలోనూ ఉండేవి. గుడి అరుగు మీద సాగిన పురాణమూ పంచాయితీ వారికి దూరం నుండి వినబడే మాటలే.

1890 ప్రాంతంలో రష్యా దేశపు మెన్నొనైట్ బ్రెద్రెన్ సంఘీయుడైన ఏబ్రహాం ఫ్రీసన్, అమెరికన్ బాప్టిస్టు మిషన్ పక్షాన నల్లగొండలో పని ఆరంభించాడు. తెలుగునాట మిషన్లు పనిచేసిన పల్లెల్లో తరచుగా ఒకే గది ఆదివారం ప్రార్థనాలయం, తక్కిన రోజుల్లో బడి. వేరే కట్టడానికి డబ్బు లేకపోవడమూ ఒక కారణమే. కాని గుడి మండపం ఎక్కలేనివాని బిడ్డ పలక పట్టుకొని కూర్చున్నది ఆ గదిలోనే. మతం మార్పు గురించి ఎవరి అభిప్రాయం వారిది. అక్షరాలు నేర్పిన కప్పును తక్కువ చేయడానికి మాత్రం పంతులుగా నాకు నోరు రాదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు అడిగితే, "చెప్పులు ఇక్కడ విడువు నాయనా, నీతోపాటు అందరూ లోపలికి రాగలిగితేనే అది గుడీ, బడీ" అని చెబుతాను.